ఖాళీ మంచం మీద అత్తయ్య

"ఈ రోజుతో ఈ ఆసుపత్రిలో కాగితం కన్ను మూసింది!" అని ఆరోగ్య శాఖ మంత్రి గారు ప్రకటించారు.

ప్రకటించాక, ఆ ముక్క రాసుకొచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని కాసేపు మౌనంగా నిలబడ్డారు. కాగితం ఆత్మశాంతి కోసం కాబోలనుకుని మేమూ లేచి నిలబడ్డాం. తర్వాత తెలిసింది, ఆయన రెండో కాగితం కోసం వెతుక్కుంటున్నారని.

నాకు మంత్రులంటే మొదటినుంచీ గౌరవం. వాళ్ళు చెప్పేది అర్థం కాకపోతే ఆ గౌరవం ఇంకా పెరుగుతుంది. ఆ రోజు ఆయన కంప్యూటర్ గురించి మాట్లాడినంతసేపూ నా గౌరవం పెరుగుతూనే పోయింది. అందుకే జరిగింది జరిగినట్టు పాఠకుల ముందు పెడుతున్నాను. నలుగురికీ తెలియాల్సిన విషయం ఇది.

అది చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి. వేరే రోగాలు చూడరు. చెవి రోగులకి సరిగా వినబడదు కాబట్టి వాళ్ళని ముందు వరుసల్లో కూర్చోబెట్టారు. ముక్కు రోగులు వాళ్ళ వెనక. గొంతు రోగులు ఆఖర్న.

"వెనక ఉన్నవాళ్ళకి వినబడుతోందా?" అని మంత్రి గారు అడిగారు.

వెనక ఉన్నవాళ్ళకి వినబడింది కానీ వాళ్ళు జవాబు చెప్పలేరు. ముందున్నవాళ్ళు జవాబు చెప్పగలరు కానీ వాళ్ళకి వినబడలేదు.

"ఇంత క్రమశిక్షణ గల సభని నా రాజకీయ జీవితంలో చూడలేదు!" అన్నారు మంత్రి గారు కదిలిపోయి.

రెండో కాగితంలో అసలు సంగతి ఉంది. "రోగి అబద్ధం చెప్పొచ్చు. డాక్టరు పొరబడొచ్చు. వీళ్ళిద్దరినీ తప్పిస్తే వైద్యంలో ఇక తప్పు జరగదు. అలా తప్పించేదే ఈ సంపూర్ణ రోగి సమాచార వ్యవస్థ." తర్వాత ఆయన ఒక మీట నొక్కారు. హాల్లో గోడకి తగిలించిన పెద్ద తెర వెలిగింది. దాని మీద 'ఇప్పటిదాకా డిశ్చార్జ్ అయినవారు' అని రాసి, పక్కన సున్నా ఉంది. ఎంతమందిని బాగుచేసి ఇంటికి పంపితే ఆ అంకె అంత పెరుగుతుందని, తన ఆఫీసులోనూ ఇలాంటి తెరే ఉందని, రోజూ చూస్తుంటానని మంత్రి గారు చెప్పారు. ఆసుపత్రి సూపరింటెండెంట్ గారు ఆ తెరకేసి చూసి చేతులు జోడించారు. మంత్రి గారి మాటంటే ఆయన చెవి కోసుకుంటారు. చెవుల ఆసుపత్రిలో అంతకంటే విధేయత ఉంటుందనుకోను.

నేనక్కడ ఎందుకున్నానంటే, మా మేనత్తకి తోడు వచ్చాను. ఆవిడ ఒక బడికి ప్రధానోపాధ్యాయురాలు. చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చి కుడి చెవి పోయింది. ఇన్నేళ్ళూ ఎడమ చెవి ఒక్కదానితోనే బడి మొత్తాన్ని నడిపింది. ఇప్పుడు ఆ ఎడమ చెవి కారుతోంది. చెవి డాక్టరమ్మ లైటు వేసి చూసి, మొహం సీరియస్‌గా పెట్టింది.

"కర్ణభేరికి చిల్లు పడింది. లోపల ఎముకకి పాకకముందే ఆపరేషన్ చెయ్యాలి. ఆలస్యం చేస్తే ఈ చెవి కూడా పోతుంది. పోతే మళ్ళీ రాదు."

నేను అదే మాట అత్తయ్య చెవిలో గట్టిగా అరిచాను. ఆవిడ చెవి తుడుచుకుంది. తర్వాత, "అయితే తొందరగా కానివ్వమను. బడి తెరిచే ఉంది," అంది.

డాక్టరమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, ఒక్క వేలితో, 'బాధ ఏమిటి' అన్న గడిలో 'ఎడమ చెవి, డిశ్చార్జ్' అని ఇంగ్లీషులో కొట్టింది. చెవి కారడాన్ని డాక్టర్లు డిశ్చార్జ్ అనే అంటారు. వాళ్ళ తాతల నాటి నుంచీ అదే మాట.

కంప్యూటర్ చిన్న సంగీతం వినిపించింది. తెర మీద పువ్వులు రాలాయి. 'అభినందనలు! రోగి డిశ్చార్జ్ అయ్యారు' అని పడింది. అదే క్షణంలో నా ఫోన్ కూడా మోగింది. 'మీరు పూర్తిగా కోలుకుని ఇంటికి వెళుతున్నందుకు సంతోషం. మా సేవలకి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?'

"ఏమంటోందిరా అది?" అని అడిగింది అత్తయ్య.

"నీకు తగ్గిపోయిందంటోంది అత్తా."

"ఎవరికి?"

"నీకు!"

"నాకు చెప్పకుండానే?"

డాక్టరమ్మ తల పట్టుకుంది. "ముందు వార్డులో పడుకోబెట్టండి. దీని సంగతి తర్వాత చూద్దాం," అంది. వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. హాల్లో తెర మీద సున్నా పోయి ఒకటి వచ్చిందని, సూపరింటెండెంట్ గారు ఆ ఒకటికి ఫొటో తీసి మంత్రి గారికి పంపారని తర్వాత విన్నాను. ఈ విధంగా ఆ మహత్తర వ్యవస్థలో కోలుకున్న మొట్టమొదటి మనిషి మా మేనత్తే. మా ఇంటావంటా ఇలాంటి గౌరవం ఎవరికీ దక్కలేదు.

మర్నాడు పొద్దున అందరికీ పాలూ రొట్టే వచ్చాయి. అత్తయ్యకి రాలేదు. నేను వార్డు సిస్టర్ని అడిగాను.

"ఆ మంచం మీద ఎవరూ లేరండీ," అంది సిస్టర్.

"మా అత్తయ్య ఉంది కదమ్మా. అదిగో, కూర్చుని మిమ్మల్నే చూస్తోంది."

"నాకు కనబడుతోందండీ. సిస్టమ్‌కి కనబడాలి కదా. పాలు పంపేది సిస్టమ్." పాపం మంచిపిల్ల. తన టీ తెచ్చి అత్తయ్యకి ఇచ్చింది.

మధ్యాహ్నానికి ఆ ఖాళీ మంచం ఒక బస్సు కండక్టరమ్మకి కేటాయించారు. ఆవిడ సంచీ పట్టుకుని వచ్చి, మంచం మీద మనిషిని చూసి ఆగింది. కానీ నించుని ప్రయాణం చేసేవాళ్ళని రోజూ చూసే మనిషి కాబట్టి, "కాస్త జరగండమ్మా, జరగండి జరగండి," అంటూ సర్దుకుని కూర్చుంది. ఆవిడకీ చెవి కారుతోంది. డాక్టరు ఆవిడ బాధ కూడా కంప్యూటర్‌లో కొట్టారు. ఆవిడా కోలుకుంది. మంచం మళ్ళీ ఖాళీ అయింది. సాయంత్రం ఆ ఖాళీ మంచం మీదకి ఒక వకీలు గారి తల్లి వచ్చింది.

ముగ్గురూ ఆ మంచం మీద అడ్డంగా పడుకునేవారు. ఒకరు పక్కకి తిరగాలంటే మిగిలిన ఇద్దరూ తిరగాలి. అయినా గొడవన్నది లేదు. ఒకరు చెప్పేది ఇంకొకరికి వినబడదు కాబట్టి ముగ్గురూ హాయిగా ఒకేసారి మాట్లాడుకునేవారు. సూపరింటెండెంట్ గారు రౌండ్స్‌కి వచ్చి, చేతిలో పలక లాంటి యంత్రం చూసుకుని, "ఈ మంచం ఎందుకు ఖాళీగా ఉంది? ప్రజల ఆస్తి ఇలా వృథా చేస్తారా?" అని సిస్టర్ని కోప్పడి వెళ్ళారు. ముగ్గురు ఆడవాళ్ళూ ఆయనకి దణ్ణం పెట్టారు.

ఇలా కాదని నేను కంప్యూటర్ గదికి వెళ్ళాను. ఆసుపత్రి మొత్తంలో చల్లగా ఉండే గది అదొక్కటే. అందులో ఉండే ఆయన్ని అందరూ 'సిస్టమ్ గారు' అంటారు. ఎంతో మర్యాదస్తుడు. తెర మీంచి కళ్ళు తిప్పకుండానే కూర్చోమన్నారు.

"మా అత్తయ్య డిశ్చార్జ్ కాలేదండీ."

"కాకపోతే సిస్టమ్ అలా ఎందుకంటుంది?"

"డిశ్చార్జ్ ఆవిడ చెవిలో ఉందండీ. ఆవిడ మంచం మీద ఉంది."

ఆయన చాలాసేపు ఆలోచించారు. "అంటే చెవి డిశ్చార్జ్ అయింది, మిగతా మనిషి కాలేదంటారు."

"దాదాపు అంతేనండీ."

"విడివిడిగా డిశ్చార్జ్ చేసే ఆప్షన్ లేదండీ. వచ్చే వెర్షన్లో అడుగుదాం."

"పోనీ, ఆవిడ వెళ్ళిపోయిందన్న ముక్క చెరిపెయ్యండి."

"అమ్మో! చెరిపితే తెర మీద అంకె తగ్గుతుంది. మంత్రి గారు ఫోన్ చేస్తారు. అంకె పెరగడమే తప్ప తగ్గడం అన్నది ఈ వ్యవస్థకి తెలియదు. కావాలంటే మళ్ళీ చేర్చుకుంటాను. చెప్పండి, బాధ ఏమిటి?"

"చెవి కారుతోందండీ."

ఆయన వేళ్ళు టకటకమన్నాయి. సంగీతం వచ్చింది. పువ్వులు రాలాయి. నా ఫోన్ మోగి మళ్ళీ నక్షత్రాలు అడిగింది. మంచం మీంచి లేవకుండానే అత్తయ్య రెండోసారి కోలుకుంది.

"అభినందనలు," అన్నారు సిస్టమ్ గారు. ఆయన మాటలో వెటకారం లేదు. నిజంగానే సంతోషించారు.

అప్పుడు డాక్టరమ్మని వెంటబెట్టుకుని సూపరింటెండెంట్ గారి గదికి వెళ్ళాను. అప్పటికి తెర మీద అంకె తెగ పెరిగింది. ఊళ్ళో కారే చెవులన్నీ వచ్చి కోలుకుని వెళుతున్నాయి. అలా వెళ్ళినవాళ్ళు తగ్గక మళ్ళీ వచ్చి, మళ్ళీ కోలుకుంటున్నారు. ఇంత తక్కువ కాలంలో ఇంతమందిని ఇంటికి పంపిన ఆసుపత్రి ఇంకొకటి లేదని మంత్రి గారు శాసనసభలో చెప్పారట. సూపరింటెండెంట్ గారు ఆ వార్త ఉన్న పత్రిక బల్ల మీద అందరికీ కనబడేట్టు పరిచి పెట్టుకున్నారు. డాక్టరమ్మ జరిగిందంతా చెప్పింది. ఆయన ఏదీ పెడచెవిని పెట్టలేదు. శ్రద్ధగా విన్నారు.

"మీ అత్తయ్య గారు ఈ ఆసుపత్రికి చేస్తున్న సేవ సామాన్యమైంది కాదు," అన్నారు నాతో. "కొందరు ఒక్కసారి కోలుకోవడానికే బద్ధకిస్తారు."

"సార్, ఆవిడ చెవి పోతుంది," అంది డాక్టరమ్మ.

"పోనివ్వం. కమిటీ వేద్దాం."

పదాల కమిటీ వేశారు. చెవి, ముక్కు, గొంతు విభాగాల పెద్దలు ముగ్గురూ, సిస్టమ్ గారూ సభ్యులు. డిశ్చార్జ్ అన్న మాటని ఏం చెయ్యాలన్నది చర్చ. ఆ మాట మంత్రి గారి ఆఫీసు తెర మీద ఉంది కాబట్టి దాన్ని కదిలించడం కుదరదని తేల్చారు. కదలాల్సింది రోగమే. ఇకమీదట చెవులు కారినా ఆ మాట వాడకుండా కారాలని తీర్మానించారు. 'చీము' అని కొట్టి చూశారు. కంప్యూటర్‌కి తెలుగులో చెప్పడమే వచ్చు, చదవడం రాదు. ఇంగ్లీషులో 'పస్' అని కొట్టారు. స్పెల్లింగ్ తప్పనుకుని అది దాన్ని 'పాస్' అని దిద్దుకుంది. దిద్దుకుని, అత్తయ్య పేరు మీద ఒక విజిటర్ పాస్ అచ్చు వేసింది.

ఆ పాస్ ప్రకారం అత్తయ్య సాయంత్రం కాసేపు మాత్రమే వార్డులో ఉండొచ్చు. మిగతా సమయంలో వాచ్‌మన్ వచ్చి, "రోగుల తాలూకు వాళ్ళు బయటికి వెళ్ళాలమ్మా," అని మర్యాదగా లేపేవాడు. ఆవిడ మెట్ల మీద కూర్చుని, సాయంత్రం కాగానే లోపలికి వచ్చి, తన్ని తాను చూసుకుని వెళ్ళేది.

చివరికి సూపరింటెండెంట్ గారికే ఒక ఆలోచన వచ్చింది. చెవీ ముక్కూ లోపల ఎక్కడో కలుస్తాయని ఆయన చదువుకునే రోజుల్లో చదివారు. "చెవి వైపు నుంచి కుదరకపోతే ముక్కు వైపు నుంచి రండి. ఏదో ఒక దారిలో లోపలికి తీసుకురావాలి కదా," అన్నారు. డాక్టరమ్మకి ఇష్టం లేదు. అయినా వేరే దారి లేక 'నోస్ బ్లాక్' అని కొట్టింది. ముక్కు బిగుసుకుపోయింది అని దాని అర్థం.

ఈసారి పువ్వులు రాలలేదు. సంగీతం రాలేదు. కంప్యూటర్ గంభీరంగా ఆలోచించి, అత్తయ్యని అవతలి భవనానికి బదిలీ చేసింది. ఆ భవనం పేరు నోస్ బ్లాక్.

అక్కడ మంచం ఒక్కరికే ఇచ్చారు. పాలు వచ్చాయి, రొట్టె వచ్చింది. ముక్కు డాక్టరు గారు ఎంతో ఆప్యాయంగా వచ్చి, ముక్కులో లైటు వేసి చూసి, లోపల ఎముక కొంచెం వంగిందనీ, ఎల్లుండి ఆపరేషన్ చేసి తిన్నగా చేస్తాననీ చెప్పారు.

"ఏమంటున్నాడురా?" అంది అత్తయ్య.

"నీ ముక్కు సరిచేస్తాడట అత్తా!"

"ఇన్నేళ్ళూ ముక్కుసూటిగా బతికాను. ఇప్పుడు దాన్ని సరిచేసేదేమిటి? ముందు చెవి సంగతి చూడమను. ముక్కు జోలికి వస్తే మర్యాద దక్కదని చెప్పు."

నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది. ఆవిడకి వినబడదు కాబట్టి ఆవిడ మెల్లగా అన్నాననుకున్నది భవనమంతా వినబడుతుంది.

ఆ సాయంత్రం నోస్ బ్లాక్ వరండాలో ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం. ఎదురుగా రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. అత్తయ్య ఒక బస్సు పోయేదాకా చూసి, నా చెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్, ఆ బస్సు హారన్ కొట్టిందా?"

కొట్టిందన్నట్టు తల ఊపాను.

"నాకు వినబడలేదు." నా చెయ్యి వదలకుండానే అంది. "పొద్దున హాజరు పిలుస్తాను కదా. ఇదివరకు గొంతు వింటే చాలు, పలికింది వాడో, వాడి పక్కవాడో చెప్పేసేదాన్ని. ఈ మధ్య అందరి గొంతూ ఒకేలా ఉంది. రేపో ఎల్లుండో అది కూడా ఉండదు. బడిలో నించుంటే బొమ్మలు నోళ్ళు ఆడిస్తున్నట్టు ఉంటుంది. భయంగా ఉందిరా."

మా అత్తయ్య నోట భయం అన్న మాట నేను అదే మొదటిసారి వినడం. ఎవరికీ భయపడని మనిషి. మంత్రుల మీద నాకున్న గౌరవానికి ఆ పూట కాస్త దెబ్బ తగిలిందని ఒప్పుకుంటున్నాను. లేచి తిన్నగా చెవి డాక్టరమ్మ గదికి వెళ్ళాను.

"ఎల్లుండి మా అత్తయ్య ముక్కు కోస్తారట," అన్నాను.

"ఏమిటీ?" అని ఆవిడ కుర్చీలోంచి లేచింది. మళ్ళీ కూర్చుంది. కంప్యూటర్‌ని దగ్గరికి లాక్కుంది. కోపంలో ఒక్క వేలు కాదు, పది వేళ్ళూ పనిచేశాయి. "చెవి అని చెప్పాను! నోస్ కాదు, ఇయర్! ఇయర్ బ్లాక్! చూసుకో!" అంటూ అదే కొట్టింది. చెవి మూసుకుపోయింది అని ఆవిడ ఉద్దేశం.

కంప్యూటర్ అత్తయ్యని ఇయర్ బ్లాక్‌కి తీసుకొచ్చింది. మంచం ఇచ్చింది. పాలు రాసింది. 'ఇయర్ బ్లాక్‌లో ఉన్న రోగికి ఇయర్ ఆపరేషన్ చేయవచ్చునా?' అని అదే అడిగింది.

డాక్టరమ్మ ఆ ప్రశ్న రెండుసార్లు చదివింది. "అంటే దీనికి జబ్బు చెప్పకూడదు. అడ్రస్ చెప్పాలి," అంది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. బహుశా ఆవిడకీ తెలిసి ఉండదు.

మర్నాడే ఆపరేషన్ చేసింది. నేను బయట బల్ల మీద గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. డాక్టరమ్మ లోపల్నించి వచ్చి, "ఎముక దాకా వెళ్ళలేదు. ఇంకొన్నాళ్ళు ఆగితే వెళ్ళేది. కట్టు విప్పేదాకా ఆగండి," అంది. ఆగాం. ఆ కబురు తెలిసి మిగతా డాక్టర్లు కూడా రోగాలు రాయడం మానేసి అడ్రసులు రాయడం మొదలుపెట్టారు. బస్సు కండక్టరమ్మకీ, వకీలు గారి తల్లికీ కూడా ఆపరేషన్లు అయ్యాయి.

కట్టు విప్పే రోజు వచ్చింది. డాక్టరమ్మ లోపలి దూది మెల్లగా తీసింది. అత్తయ్య కళ్ళు మూసుకుని కూర్చుంది. తర్వాత తలెత్తి పైకి చూసింది.

"ఆ ఫ్యాను కీచుమంటోంది. నూనె వెయ్యమనండి," అంది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకుందామని చేతిలో ఉన్న బిస్కెట్ నోట్లో పెట్టుకున్నాను.

"తినేటప్పుడు అంత చప్పుడు చేస్తావేమిట్రా నువ్వు?" అంది అత్తయ్య. అంత తియ్యటి చీవాట్లు నేను ఈ జన్మలో తినలేదు.

ఇక ఇంటికి వెళ్ళడమే మిగిలింది. డాక్టరమ్మ ఆఖరిసారి చెవి పరీక్ష చేసింది. చెవి ఎండిపోయింది, చుక్క కూడా కారడం లేదు. అది రాయకపోతే వ్యవస్థ ముందుకు కదలదు. 'నో డిశ్చార్జ్' అని కొట్టింది.

కంప్యూటర్ ఎర్రబడింది. 'గమనిక: ఈ రోగిని డిశ్చార్జ్ చేయరాదు.'

"ఓహో, ఇంతేనా," అన్నాను నేను. అప్పటికి నాకూ ఆ విద్యలో కాస్త అనుభవం వచ్చింది. "డిశ్చార్జ్ అని కొట్టెయ్యండి. పువ్వులు రాలతాయి, మేం వెళ్ళిపోతాం."

"ఇప్పుడు కుదరదండీ," అన్నారు అప్పుడే వచ్చిన సిస్టమ్ గారు గర్వంగా. "నిన్ననే కొత్త వెర్షన్ వచ్చింది. దీనికి తెలివి పెరిగింది. ఆపరేషన్ అయిన చెవికి డిశ్చార్జ్ అంటే చీము అని ఇప్పుడు దానికి తెలుసు. మీరు ఆ మాట కొడితే, ఆపరేషన్ పాడైందనుకుని మళ్ళీ థియేటర్‌కి పంపిస్తుంది."

గేటు దగ్గర వాచ్‌మన్ చేతిలోనూ యంత్రం ఉంది. డిశ్చార్జ్ కాని మనిషి బయటికి పోతే ఆ యంత్రం కూత పెడుతుంది. కాబట్టి అత్తయ్య ఉండిపోయింది. కండక్టరమ్మ ఉండిపోయింది. వకీలు గారి తల్లి ఉండిపోయింది. మంచాలన్నీ నిండిపోయి అడ్రసు రాయడం కుదరక, చెవి కారేవాళ్ళు పొద్దున వచ్చి, అభినందనలు అందుకుని, కారుతున్న చెవులతో ఇళ్ళకి పోతున్నారు. నయమైనవాళ్ళు మంచాల మీద కూర్చుని రోజూ పాలూ రొట్టే తింటున్నారు. అత్తయ్య బడిలో పరీక్షలు దగ్గరపడుతున్నాయి. ఆవిడ వార్డులోనే అటూ ఇటూ నడుస్తూ, మిగతా వాళ్ళని మంచాల మీద తిన్నగా కూర్చోమని గదమాయిస్తోంది.

సూపరింటెండెంట్ గారు మాత్రం ఆకాశంలో ఉన్నారు. డిశ్చార్జ్‌లు చూస్తే రికార్డు. మంచాలు చూస్తే ఒక్కటీ ఖాళీ లేదు. అంటే జనానికి ఈ ఆసుపత్రి మీద ఎంత నమ్మకమో! పంపినా పోవడం లేదు! ఆదర్శ ఆసుపత్రి అవార్డు ఇవ్వడానికి మంత్రి గారే స్వయంగా వస్తున్నట్టు కబురు వచ్చింది. వార్డులోనే వేదిక కట్టారు. మంచి ఆరోగ్యంతో మిసమిసలాడుతున్న రోగులందరినీ ముందు వరుసల్లో కూర్చోబెట్టారు. కెమెరాలకి అందంగా ఉంటుందని అత్తయ్యని మొదటి వరుసలో మధ్యలో పెట్టారు. ఆవిడ పక్కన నేను.

మంత్రి గారు వచ్చారు. ఎడమ చెవిలో దూది పెట్టుకుని ఉన్నారు. అది చూసిన సూపరింటెండెంట్ గారు ఒక్క నిమిషం మాయమై, తన ఎడమ చెవిలోనూ దూది పెట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నారు. అంత దగ్గరితనం చూసి నాకు ముచ్చటేసింది.

మొదట ముక్కు డాక్టరు గారు మాట్లాడారు. తర్వాత సిస్టమ్ గారు. ఈ వ్యవస్థ వచ్చాక మనిషికి తన రోగం గురించి తనకంటే కంప్యూటర్‌కే ఎక్కువ తెలుస్తోందని ఆయన చెప్పారు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యలో మంత్రి గారు కొంచెం పక్కకి వంగి, చెయ్యి అడ్డం పెట్టుకుని, సూపరింటెండెంట్ గారి దూది లేని చెవిలో ఏదో చెప్పారు. నాకేమీ వినబడలేదు. నా రెండు చెవులూ శుభ్రంగా పనిచేస్తాయి, అయినా వినబడలేదు.

అత్తయ్య లేచి నిలబడింది.

"ఏమిటా గుసగుసలు?"

సిస్టమ్ గారు మైకు ముందు నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. మంత్రి గారు ఎవరినో అంటోందనుకుని వెనక్కి తిరిగి చూశారు. వెనక గోడ ఉంది.

"మిమ్మల్నే. లేచి నిలబడండి."

ఇంతమంది అధికారుల మధ్య, కెమెరాల ముందు, ఆరోగ్య శాఖ మంత్రి గారు లేచి నిలబడ్డారు. సూపరింటెండెంట్ గారు కూడా నిలబడ్డారు.

"'నా చెవి కూడా కారుతోందయ్యా, ఇక్కడ మాత్రం వద్దు, కంప్యూటర్ లేని డాక్టరు ఎవరైనా ఉంటే సాయంత్రానికల్లా చూసిపెట్టు' అన్నారు కదా ఇప్పుడు?" అంది మా అత్తయ్య. "ఆ చెప్పేదేదో అందరికీ వినబడేలా చెప్పండి."

మంత్రి గారు చెవిలో దూది సర్దుకున్నారు. చేతులు కట్టుకున్నారు. తల వంచుకున్నారు.

"ఏం లేదు టీచర్," అన్నారు.